మాచర్లలో మా ఆయన ఆట

మా ఆయన నరసరావుపేట దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసేవారు. ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకు కోచ్, మేనేజరు, సామాను మోసే మనిషి, అన్నీ తనే. ఆయన పక్కనుంటే నవ్వలేక చస్తామని తోటి టీచర్లు చెప్పేవాళ్లు. నాకు నమ్మబుద్ధి అయ్యేది కాదు. ఇంట్లో ఆయన అన్నం తిని, పేపరు చదివి, పడుకునేవారు. జోకులన్నీ ఊరికి పంచేసి నాకు మౌనం మిగిల్చారని ఏళ్ల తరబడి లోపల నొచ్చుకున్నాను.

ఆయన రిటైరయ్యే ఏడాది జిల్లా పోటీల ఫైనల్ మాచర్లలో పెట్టారు. అంతకుముందు నేను ఏ ఆటకూ వెళ్లలేదు. దానికి మాత్రం వెళ్లాను. పిల్లల తల్లిదండ్రులు ట్రాక్టర్ల మీద వచ్చారు. వాళ్లకు తెలిసింది క్రికెట్టే. బ్యాటు పట్టిన ప్రతి పిల్లా సిక్సర్ కొట్టాలని వాళ్ల ఆశ. చివర్లో బంతులు విసిరే మా జట్టు పిల్లకు చెయ్యి తడబడింది. బంతులన్నీ పక్కకు పోయి, అవతలి వాళ్లకు బ్యాటు ఊపకుండానే పరుగులొచ్చాయి. జనం గొణుగుడు మొదలైంది.

“ఏంది మాస్టారూ, మీ పిల్ల పరుగులు ఊరికే పంచిపెడతంది?” అని ఒక పెద్ద రైతు అడిగాడు.

“ఎలక్షన్లప్పుడు మిమ్మల్ని చూసి నేర్చుకుంది బాబాయ్,” అన్నారు మా ఆయన.

ఆ రైతుతో సహా అందరూ నవ్వారు. ఆ సందడిలోనే ఆయన ఆ పిల్ల దగ్గరికి వెళ్లి ఏదో అన్నారు. ఏడుపు మొహంతోనే అది నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు, వెనక్కి పెట్టుకున్న ఆయన చేతులు కనిపించాయి. టోపీని తడిగుడ్డ పిండినట్టు మెలిపెడుతున్నారు.

ఓడిపోయాం. కప్పు ఏదని అడిగిన వాళ్లకు, అది పెట్టుకోడానికి ముందు స్కూలుకు బీరువా కొనివ్వమని చెప్పి నవ్విస్తూనే పంపేశారు.

తిరుగు బస్సులో అడిగాను. “ఇంట్లో ఎన్నడూ ఇట్టా మాట్లాడలేదేంది మీరు?”

ఆయన నలిగిన టోపీని మోకాలి మీద పెట్టి సాపు చేశారు. “భయమేస్తేనే నాకు అట్టాంటి మాటలొస్తాయే. ఇంట్లో నాకేం భయం?”

పిడుగురాళ్ల దాటేదాకా లెక్కలేసుకున్నాను. పెళ్లయిన కొత్తల్లోనే ఈ మాట అడిగి ఉంటే ఎన్ని మధ్యాహ్నాలు వేరుగా గడిచేవో. ప్రతి ఆటకూ వెళ్లేదాన్ని.

ఆయన తర్వాత ఆ పని ఎవరూ అందుకోలేదు. జట్టు లేకుండా పోయింది. ఆ పిల్లలు ఇప్పుడు బజార్లో కనిపిస్తే, సార్ ఏ ఊళ్లో ఏమన్నారో చెప్పి నవ్వుకుంటారు. అవన్నీ నేను చూడని ఆటలు. ఇంటికొచ్చి ఆయన్ను మళ్లీ చెప్పమంటే, పేపరు దించకుండానే గుర్తు లేదంటారు.