భాయ్‌కి చదవడం రాని అక్షరం

మా పాపకు రెండేళ్లు నిండకముందే పిల్లికూతలు మొదలయ్యాయి. కాస్త దుమ్ము తగిలినా, పక్క పోర్షన్ వాళ్లు సాంబ్రాణి వేసినా, ఊపిరి ఈల వేసినట్టు వినిపించేది. అప్పటినుంచి నా చెవి ఒకటి ఎప్పుడూ దాని ఛాతీ దగ్గరే ఉంటుంది. ఇప్పుడు అది నిద్రపోయాక ఇది రాస్తున్నాను కానీ, నాలుగు వాక్యాలకోసారి లేచి వెళ్లి విని వస్తున్నాను.

అప్పట్లో మేం బల్కంపేటలో అద్దెకుండేవాళ్లం. అమీర్‌పేట అంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఒక చంకలో పాప, ఇంకో చేతిలో కూరగాయల సంచీ ఉన్నా సరే, "మేడమ్, డెమో క్లాస్ ఫ్రీ" అంటూ ఎవరో ఒకరు సంచీలోకి కరపత్రం దూర్చేవారు. నేను డిగ్రీ చదివాను. తెలుగు టైపింగ్ బాగా వచ్చు. శ్రీనగర్ కాలనీలో ఒక చిన్న బడి నడిపే కరస్పాండెంట్ మేడమ్ రెండో తరగతి తెలుగు వర్క్‌బుక్ నాకు అప్పగించారు. పాఠాలు టైపు చేసి, బొమ్మలు పెట్టి, ప్రెస్సుకు పంపేలా తయారుచేసి ఇవ్వాలి. బాగా వస్తే మిగతా తరగతులవీ నాకే ఇస్తానన్నారు. సోమవారం ఉదయానికల్లా కావాలన్నారు.

ఆ సోమవారమే ఇంకో మాట కూడా తేల్చి చెప్పాలి. బేగంపేటలో ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. చేరితే పాపను క్రెష్‌లో వదలాలి. ముందుగా అలవాటు చేద్దామని నాలుగు రోజులు పంపితే, వారం తిరగకుండానే ఆస్పత్రిలో ముక్కుకు మాస్కు పెట్టించాల్సి వచ్చింది. కాబట్టి ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. పుస్తకం పూర్తయితే ఇంట్లో, పాప పక్కనే నా పని. కాకపోతే బేగంపేట.

మా కంప్యూటర్ మా ఆయన విడిభాగాలు కొనుక్కొచ్చి బిగించినది. మొదట ఎవరి దగ్గరో తెచ్చిన కాపీ సీడీతో నడిచింది. వైరస్ వచ్చి, పోతూ పోతూ సగం పుస్తకాన్ని పట్టుకుపోయింది. రెండోసారి ఆయన ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలోంచి ఉచిత సాఫ్ట్‌వేర్ వేశారు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, చేతనైతే మార్చుకోవచ్చు. నాకు నచ్చింది. మళ్లీ మొదటినుంచి టైపు చేసుకుంటూ సంయుక్తాక్షరాల పాఠం దాకా వచ్చాను.

అక్కడ ఆగిపోయాను. ఒక ఒత్తు ఉన్న మాటలు చక్కగా వచ్చాయి. రెండు ఒత్తులున్న స్త్రీ, శాస్త్రి, రాష్ట్రం లాంటివి వచ్చేసరికి రెండో ఒత్తు అక్షరం కింద ఉండకుండా పక్కకు జరిగి, చుక్కల సున్నా ఒకదాన్ని పట్టుకుని వేలాడేది. పెద్దవాళ్లం సర్దుకుని చదువుకుంటాం. ఏడేళ్ల పిల్ల ఆ సున్నాను కూడా పలక మీద దిద్దుతుంది. ఆ పాఠం వదిలేద్దామంటే, అసలు ఆ పుస్తకం ఉన్నదే ఒత్తులు నేర్పడానికి.

అమీర్‌పేటలో తెలిసిన ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి అడిగాను. అక్కడ పాఠాలు చెప్పేవాడు నవ్వాడు. "ఫ్రీగా వచ్చినదానికి సపోర్ట్ ఎవరిస్తారండీ? రేపు పాడైతే ఎవరిని పట్టుకుంటారు?" నాకూ అది సబబుగానే తోచింది.

పంజాగుట్టలో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద నెలకో శనివారం ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు కలుస్తారని మా ఆయన కనుక్కొచ్చారు. ఎవరి కంప్యూటర్ వాళ్లు మోసుకెళితే బాగుచేసి ఇస్తారట.

"ఫీజు లేదంట," అన్నారు.

"అయితే చివర్లో ఏదో కోర్సు అంటగడతారు."

"కట్టనని చెప్పు. నిన్ను ఒప్పించి డబ్బు కట్టించినవాడు ఇంకా పుట్టలేదులే."

ఆయనకు శనివారం కూడా ఆఫీసే. నేనే బయల్దేరాను. ఒళ్లో పాప, కాళ్ల దగ్గర దుప్పటి చుట్టిన సీపీయూ, భుజాన సంచీలో కాచి చల్లార్చిన నీళ్లు, థర్మామీటర్, ఇన్‌హేలర్. బోనాల రోజులు కావడంతో గుడివైపు మైకులు మోగిపోతున్నాయి. ఆటోవాలా కాళ్ల దగ్గరి మూట కేసి చూశాడు.

"ఏందక్కా, టీవీ ఖరాబైందా?"

"కంప్యూటర్."

"అమీర్‌పేటల గిన్ని కంప్యూటర్ దుకాణాలుంటే పంజాగుట్టకు మోస్కపోతున్నవా," అని దారి పొడవునా తనలో తనే నవ్వుకున్నాడు.

మేడ మీద హాల్లో బెంచీల నిండా మూతలు విప్పిన కంప్యూటర్లు. కాలేజీ పిల్లలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఒక్కో మెషిన్ ముందు ఇద్దరు ముగ్గురు చొప్పున వంగి ఉన్నారు. వాళ్లకో అలవాటు ఉంది. ఏ మెషిన్ బాగైనా హాలంతా కలిసి ఒక్క చప్పట్టు కొడతారు. ఒక్కటే. కొట్టి మళ్లీ తలలు దించుకుంటారు. మొదటిసారి విన్నప్పుడు ఏదో పేలిందనుకుని పాపను గుండెలకు అదుముకున్నాను. పాప మాత్రం ఇంకోసారి కొట్టమన్నట్టు చూసింది.

నా దగ్గరకు వచ్చినాయనకు నలభై లోపే ఉంటాయి. బ్యాంకులో ఉద్యోగమట. అందరూ భాయ్ అని పిలుస్తున్నారు. మాది తెనాలి వైపు. ముక్కూమొహం తెలియని మనిషిని ఉత్తినే భాయ్ అనడానికి నోరు రాలేదు.

"భాయ్ గారూ," అన్నాను.

పక్క బెంచీల్లో నవ్వులు. ఆయనా నవ్వాడు. "భాయ్‌కి మళ్ల గారెందుకక్కా? ఫికర్ చెయ్యకు. ఏమైతుందో చెప్పు."

"రెండో ఒత్తు పక్కకి పడిపోతోందండీ."

ఆయన స్క్రీన్ కేసి కాసేపు శ్రద్ధగా చూశాడు. "గిండ్ల ఒత్తంటే ఏది?"

"మీకు తెలుగు రాదా?"

"మాట్లాడొస్తది, చదవరాదు. నాది ఉర్దూ మీడియం. అక్షరాల సంగతి నువ్వు జూడు, లోపలి సంగతి నేను జూస్త."

ఇన్‌స్టిట్యూట్‌వాడి మాటే నిజమైందని అనుకున్నాను. భాయ్ మాత్రం నన్ను రకరకాల మాటలు టైపు చేయమని, ఎక్కడ బాగుందో ఎక్కడ చెడిందో అడుగుతూ వెళ్లాడు. తర్వాత తన దగ్గరున్న సీడీలోంచి వేరే తెలుగు ఫాంట్ వేశాడు. చుక్కల సున్నా మాయమైంది.

"పోయింది సున్నా," అన్నాడు. హాలంతా చప్పట్టు కొట్టింది. భాయ్ పక్క మెషిన్ స్క్రూలు బిగించడానికి లేచాడు.

నేను స్క్రీన్ చూశాను. సున్నా పోయిన మాట నిజమే. కానీ స్త్రీలో త ఒత్తు, ర ఒత్తు ఒకదాని మీద ఒకటి ఎక్కి నల్లటి మరకలా ముద్దకట్టాయి. చదవడం రానివాళ్లకు అదీ ఒక అక్షరంలాగే కనిపిస్తుంది.

ఏం చేయాలో తోచలేదు. పొద్దున్నుంచి టీ కూడా తాగకుండా పైసా తీసుకోకుండా చేస్తున్న మనిషి. వెనకాల ఇంకా నలుగురు కంప్యూటర్లతో కూర్చున్నారు. చప్పట్టు కూడా కొట్టేశారు. ఊరికే చేసిపెట్టిన పనికి వంక పెట్టడం మా ఇళ్లల్లో లేదు. ఉప్పు తక్కువైనా బాగుందనే తిని లేస్తాం. చాలా థాంక్సండీ అనేసి ఇంటికి పోయి ఏడుద్దామనుకున్నాను. ఇంతలో పాప దగ్గింది. అది మామూలు దగ్గే కానీ, నాకు బేగంపేట గుర్తొచ్చింది.

"భాయ్, కాలేదండీ," అన్నాను.

"సున్నా పోయింది గదక్కా?"

"పోయింది. కానీ ఇది స్త్రీ కాదు. అసలు అక్షరమే కాదు. ఏ పిల్లా దీన్ని చదవలేదు."

ఎదుటి బెంచీ మీద కాలేజీ అమ్మాయి, "చప్పట్టు వాపస్ తీస్కోవాలె భాయ్," అంది.

భాయ్ స్క్రూడ్రైవర్ పక్కనపెట్టి కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. ముఖంలో చిరాకు లేదు.

"గిట్ల చెప్పాలె అక్కా. చానామంది ఏం జేస్తరో తెల్సా? పాపం కష్టపడ్డరని మొహమాటంతోని థాంక్స్ థాంక్స్ అనుకుంట పోతరు. ఇంటికి పోయినంక దాన్ని మూలకు వడేస్తరు. తప్పున్నదని మాకెట్ల తెలుస్తది? రేపు ఇంకొకరికి సుత గదే తప్పొస్తది."

తెల్ల కాగితం, స్కెచ్ పెన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "సహీ అంటే తప్పు లేకుంట ఎట్లుండాలెనో పెద్దగ రాయి. పక్కన, ఇప్పుడెట్లొస్తుందో అది సుత రాయి."

రాశాను. స్త్రీ, శాస్త్రి, రాష్ట్రం, వస్త్రం, ఇస్త్రీ. త ఒత్తు, ట ఒత్తు ఎక్కడ ఆగాలి, ర ఒత్తు వాటికి తగలకుండా ఎక్కడ మొదలవ్వాలి, ఏది ఎంత చిన్నది కావాలి, అన్నీ ఆయన అడిగాడు, నేను చెప్పాను. చిన్నప్పుడు చేతిరాత బాగుందని మెచ్చుకున్నారు కానీ, ఒక ఒత్తు గురించి ఇంతసేపు నన్నెవరూ అడగలేదు. కాలేజీ అమ్మాయి ఆ కాగితాన్ని ఫొటో తీసింది. ఆ ఫాంట్ గీసినాయన బెంగళూరులో ఉంటాడట. భాయ్ అక్కడే కూర్చుని ఆ ఫొటో జతచేసి ఆయనకు మెయిల్ రాశాడు.

"ఆయన చేస్తారా?" అన్నాను.

"ఆయన సుత మనలెక్కనే, జీతం లేదు. చెయ్యాలనిపిస్తే చేస్తడు. నీ రాత జూస్తే అనిపిస్తదిలే."

చప్పట్టు లేకుండానే ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రమంతా క్రెష్‌కి ఏ సంచీ సర్దాలో, ఇన్‌హేలర్ ఆయమ్మకి ఎలా నేర్పాలో ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం భాయ్ ఫోన్ చేశాడు. "అక్కా, కొత్త ఫాంట్ ఒచ్చింది. నీ మెయిల్‌కి పంపిన. నెట్ సెంటర్ల తీస్కొని ఇంటికి పోయినంక ఫోన్ కొట్టు."

అమీర్‌పేట నెట్ సెంటర్ రెజ్యూమెలు పంపేవాళ్లతో కిటకిటలాడుతోంది. మా ఆయన వాళ్ల మధ్య దూరి ఫైల్‌ని ఫ్లాపీలోకి ఎక్కించి తెచ్చారు. తర్వాత నా చెవి దగ్గర ఫోన్ పట్టుకుని ఆయన, నల్ల తెర మీద టైపు చేస్తూ నేను, అటువైపు భాయ్. ఒక్కో అక్షరం చెప్పి, కొట్టానన్నాకే ఇంకోటి చెప్పేవాడు. పాప నా మోకాలు పట్టుకుని నిలబడింది.

"ఇగ తెరువు," అన్నాడు.

పాఠం తెరిచాను. తొందరపడలేదు. ఒక్కో మాట దగ్గరా ఆగి, పెద్దది చేసి చూశాను. మొదటి ఒత్తు దాని చోట అది, రెండో ఒత్తు దాని చోట అది. పైకి చదివాను: స్త్రీ, శాస్త్రి, రాష్ట్రం, వస్త్రం, ఇస్త్రీ.

"సహీనా?" అన్నాడు భాయ్. "మొహమాటం లేకుండ చెప్పు."

"సహీ."

ఫోన్లో ఒక్క చప్పట్టు వినిపించింది. పాప కూడా కొట్టింది. అది ఒక్కదానితో ఆపలేదు.

సోమవారం మేడమ్ పేజీలన్నీ తిరగేసి, ఒత్తుల పాఠం దగ్గర కళ్లజోడు పైకి తోసుకుని చూశారు. "మా ప్రెస్సువాడి కంటే శుభ్రంగా వచ్చిందమ్మా," అని మూడో తరగతి రాతప్రతి నా చేతిలో పెట్టారు. ఇంటికి వస్తూ దారిలోనే బేగంపేటకు ఫోన్ చేసి రానని చెప్పాను.

కొన్ని నెలలకు ఆ ఫాంట్ కొత్త రూపం విడుదలైంది. దానితో పాటు సాయం చేసినవాళ్ల పేర్లతో ఒక చిన్న ఫైల్ వస్తుంది. అందులో ఇంటిపేరుతో సహా నా పేరు ఉంది. మా ఆయన పిలిచి మరీ చూపించారు. పైనుంచి కిందిదాకా రెండుసార్లు వెతికాను. భాయ్ పేరు లేదు. ఎందుకుంటుంది, ఆయన ఫాంట్ గీయలేదు, ప్రోగ్రామ్ రాయలేదు. నా పక్కన కూర్చుని, నాకు తెలిసింది బెంగళూరుకు అర్థమయ్యేలా చేరవేశాడు. అలా పక్కన కూర్చునేవాళ్లే లేకపోతే నాలాంటివాళ్లం ఆ సీడీని ఎప్పుడో చెత్తబుట్టలో వేసేవాళ్లం. ఫాంట్ బాగుంటే అది గీసినాయన్ని మెచ్చుకుంటారు. దాన్ని నా ఇంట్లో పనిచేసేలా చేసినవాళ్లను మెచ్చుకునే చోటు ఎక్కడా లేదు.

బెంగళూరుకు రాశాను. భాయ్ పేరు తప్పిపోయిందని, అది లేకపోతే నా పేరు కూడా తీసేయమని రాశాను. మొహమాటం లేకుండా చెప్పడం నేర్చుకున్నాను కదా. తర్వాతి విడుదలలో నా పేరు కింద ఆయన పేరు వచ్చింది.

ఆ నెల శనివారం పంజాగుట్ట హాల్లో భాయ్‌కి చూపించాను. అప్పటికి ఆ హాల్లో నాకూ ఒక బెంచీ ఉంది. తెలుగుతో ఇబ్బంది ఉన్నవాళ్లు అక్కడికే వస్తారు, నా సంచీలో కాచిన నీళ్లతో పాటు స్కెచ్ పెన్నులు కూడా ఉంటాయి. భాయ్ స్క్రీన్ కేసి వంగి ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తన పేరు చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గిదెందుకక్కా," అన్నాడు.

"సహీగా ఉందా? తప్పుంటే చెప్పండి, మళ్లీ రాస్తాను."

ఆయన ఇంకోసారి చూశాడు. "సహీనే," అని, తలుపు దగ్గర సీపీయూ ఎత్తుకుని బిక్కమొహంతో నిలబడ్డ పెద్దాయన్ని చూసి కుర్చీ లాగాడు. "రాండ్రి అంకుల్, గీడ వెట్టుండ్రి. గీ అక్క దిక్కు జూసి చెప్పుండ్రి, ఏమైతుంది?"