సుత్తివాడి ముందు అరక్షణం

క్రేన్ ఆపరేటర్‌కు ముక్కు మీదే కోపం. అయితే ఆ కోపమంతా యంత్రాల మీదే. ఏదైనా తేడా వస్తే ముందు యంత్రాన్ని అనుమానించాలి, మనిషిని ఆ తర్వాతే అన్నది ఇరవై రెండేళ్లుగా ఇనుప దూలాలు ఎత్తి దించుతున్న ఆయన సిద్ధాంతం. అందుకే వీడియో గేమ్‌లో ఓడిపోతున్నప్పుడు కూడా తిట్లన్నీ పాపం కంట్రోలర్‌కే పడ్డాయి.

ఆ ఆట కూతురు హాస్టల్‌కు వెళ్తూ వదిలేసి పోయినది. ఏడాది తిరిగేసరికి ఆయనకు కొట్టిన పిండి అయిపోయింది. అందులో దారికడ్డంగా నిలబడే పదకొండు మంది పెద్ద శత్రువులను, అంటే బాస్‌లను, మట్టి కరిపించి, తను పనిచేసే యార్డులో కనిపించినవాళ్లందరికీ ఆ సంగతి చెప్పుకున్నాడు. వాళ్లకు సగం అర్థం కాకపోయినా తలాడించారు. ఇంతలో ఆట తయారుచేసినవాళ్లు దానికి కొత్త భాగం విడుదల చేశారు. డౌన్‌లోడ్ చేసుకుంటే మరో నలుగురు బాస్‌లు. మొదటి ఇద్దరూ రెండు వారాల్లో పడ్డారు. మూడోవాడు మాత్రం ఆయనకు చుక్కలు చూపించాడు.

వాడికి ఆయన పెట్టిన పేరు సుత్తివాడు. పాడుబడిన మిల్లులో తల వంచుకుని నిలబడి ఉంటాడు. మనం లోపలికి అడుగు పెట్టగానే సుత్తి ఎత్తుతాడు. ఎత్తి ఆగుతాడు. ఆ ఆగడం ఒకసారి ఒక క్షణం, ఇంకోసారి మూడు క్షణాలు, మరోసారి అసలు ఉండదు. సుత్తి కిందికి కదలగానే గుండ్రటి బటన్ నొక్కి పక్కకు దొర్లాలి. అంతే, అదొక్కటే చెయ్యాలి. అదే ఆయన వల్ల కావడం లేదు.

"మళ్లీ పోయారా?" అంది భార్య, కుట్టుమిషన్ ముందు నుంచి తల తిప్పకుండానే.

"బటన్ పట్టేస్తోంది."

కంట్రోలర్ విప్పాడు. స్ప్రింగులు తుడిచాడు. తర్వాతి వారం కొత్తది కొన్నాడు. అది పట్టుకుని ఆడినా సుత్తివాడు అలాగే చంపాడు. అప్పుడు తప్పు ఆటదన్నాడు, ఆ తర్వాత టీవీదన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భార్య కుట్టడం ఆపి వచ్చి కూర్చుంది. ఆవిడ ఏనాడూ ఆ కంట్రోలర్‌ను చేత్తో ముట్టుకోలేదు.

"ఏదీ, ఓసారి ఇటివ్వండి. ఏది నొక్కాలి?"

"ఆ గుండ్రటిది. సుత్తి దిగడం మొదలవ్వగానే."

సుత్తి లేచింది, ఆగింది, దిగింది. ఆవిడ నొక్కింది. తెర మీద మనిషి పక్కకు దొర్లి బతికాడు. రెండో దెబ్బా తప్పింది, మూడోదీ తప్పింది. తర్వాత ఎటు పరిగెత్తాలో తెలియక గోడకు గుద్దుకుని ఆటలో చచ్చిపోయింది. పడీపడీ నవ్వింది. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

తన కుడి బొటనవేలి వంక చూసుకున్నాడు. ఎప్పటిలాగే ఉంది, వణుకు లేదు, నొప్పి లేదు. కానీ అప్పుడు అర్థమైంది ఆయనకు. ఆ పదకొండు మందినీ ఆయన చూసి గెలవలేదు. వాళ్ల దెబ్బల వరస కంఠతా పట్టి, దెబ్బ రాకముందే నొక్కి గెలిచాడు. సుత్తివాడికి వరస లేదు. చూసి నొక్కాల్సిందే. చూసేసరికి అరక్షణం దాటిపోతోంది.

మరి యార్డులో?

క్రేన్ క్యాబిన్ నలభై అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడికి అరుపులు వినిపించవు. కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ చేతిసైగలే ఆధారం. పిడికిలి లేచిందంటే ఏది ఎక్కడున్నా ఆగిపోవాలి, ఎందుకంటే బరువు కింద చేతులు పెట్టి సర్దే ఇద్దరు మనుషులుంటారు. పదహారేళ్లుగా ఆ సిగ్నల్‌మన్ ఆయన బావమరిదే. నిన్న శనివారమే వాడికి అక్కడ ఆఖరి షిఫ్టు. సోమవారం నుంచి వాడు రెండో యార్డుకు సూపర్‌వైజర్. ఆ చోటికి కొత్తవాడొస్తున్నాడు.

చెప్పులేసుకుని బావమరిది ఇంటికి వెళ్లాడు. వాడు మెట్ల మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు.

"ఒరేయ్, నిజం చెప్పు. నేను ఆలస్యంగా ఆపుతున్నానా?"

బావమరిది చెయ్యి బూటు మీదే ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు బావా?"

కాదని అనలేదు వాడు. ఎవరు చెప్పారని అడిగాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏడాదిన్నర అయ్యుంటుంది. నువ్వేం కంగారు పడకు. నేను పిడికిలి కాస్త ముందే లేపుతున్నా. నువ్వు ఆపేసరికి సరిగ్గా సరిపోతోంది."

"ఒక్క ముక్క చెప్పాలనిపించలేదురా?"

"ఎలా చెప్పను? క్రేన్ తప్ప నీకింకేముంది బావా?"

ఆ మాట ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. ఏడాదిన్నరగా తన చెయ్యి గురించి గొప్పలు చెప్పుకుంటూ తిరిగాడు. ఆ గొప్పంతా కిందనున్న వీడి పిడికిలిదని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు.

"కొత్తవాడికి చెప్పావా?"

"రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను."

సోమవారం పొద్దున యార్డులో ఎత్తాల్సిన దూలానికి గొలుసులు బిగించి ఉన్నాయి. పక్కనే ఇద్దరు కూలీలు చేతి తొడుగులు వేసుకుంటున్నారు. అందులో ఒకడు ఈలపాట పాడుతున్నాడు. కొత్త సిగ్నల్‌మన్ నలభై ఏళ్ల మనిషి, నవ్వు ముఖం. "ఎక్కుదామా అన్నా?" అని పలకరించాడు.

ఆపరేటర్ నిచ్చెన మీద చెయ్యి వేసి, తీసేశాడు.

"నీకిష్టమొచ్చినప్పుడు పిడికిలి ఎత్తు. ముందే చెప్పకు. అది చూడగానే నా గుప్పెట మూస్తాను."

కొత్తవాడు సరదాగానే ఎత్తాడు. మరోసారి ఎత్తాడు. మూడోసారికి వాడి నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి ఎత్తమంటే ఎత్తకుండా, ఆయన చేతి వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఆయన జేబులోంచి క్యాబిన్ తాళంచెవి తీసి వాడికిచ్చాడు.

"ఇది ఫోర్‌మన్‌కి ఇచ్చెయ్. ఈ రోజు ఇంకెవర్నైనా ఎక్కించమను."

"ఏమైందని చెప్పమంటారు?"

ఈలపాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆయన ఒకసారి అటు చూశాడు.

"యంత్రం బాగానే ఉందని చెప్పు."