ఆమ్నా కాళ్లకు గోరింటాకు

"నీ చెయ్యే కావాలి" అంది ఆమ్నా.

"నా చెయ్యి మంచిది గాదమ్మా, వద్దు" అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. మా తమ్ముడి కూతురు సుజాతతో ముందు అవే రాయించాను.

ఆమ్నాది సూడాన్ దేశం. అక్కడ యుద్ధం మొదలయ్యాక, ఇక్కడ చదువుకునే తమ్ముణ్ణి నమ్ముకుని వచ్చి కొండాపూర్‌లో గది తీసుకుంది. ఆ ఇంట్లో అంట్లు, బట్టలు నా పని. ఆమెకు సగం హిందీ, నాకు సగం. బాంబులు ఆగినప్పుడే నీళ్లకు పోయేవాళ్లమని, తలుపు పగలగొట్టి పొయ్యిలో పెట్టి రొట్టెలు కాల్చుకున్నామని బట్టలు మడతపెడుతూ చెప్పేది. ఇల్లు విడవనని భర్త అక్కడే ఉండిపోయాడు. నాలుగు నెలలుగా ఫోను లేదు.

వాళ్లలో భర్త ఉన్న ఆడదే కాళ్లకు గోరింటాకు పెట్టుకుంటుందట. ఆమె కాళ్ల మీద రంగు వెలిసిపోయింది. ఈసారి నన్ను పెట్టమంది. నా భర్త పోయి ఎనిమిదేళ్లు. నేను పెడితే ఆమె భర్తకేమన్నా అయితే? జ్వరమని చెప్పి తొమ్మిది రోజులు పనికి పోలేదు. జ్వరం లేదు.

పదో రోజు పొద్దున బోరబండ స్టేషన్ గోడ పక్కన ఆకు కోసి, నూరి, టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. తొమ్మిది నలభై రైలు, ఐదు రూపాయల టికెట్. హైటెక్ సిటీ తర్వాతి స్టేషనే కనుక లోపలికి పోకుండా తలుపు దగ్గరే నిలబడాలి. రోజూ అదే రైల్లో వచ్చే, కంపెనీలో ఊడ్చే ఆమె నా వేళ్లు చూసింది.

"ఏందక్కా, ఈ వయసుల గోరింటాకా? ఎవరికి చూపిద్దామని?"

"వేరేవాళ్లకు నూరిన."

"నువ్వు నూరినవా?" అని నా బోసి మెడ వైపు చూసి పక్కకు జరిగింది.

అక్కడి నుంచి షేర్ ఆటోకు ఇరవై. అద్దాల మేడల కింద అరగంట ఆగిపోయాం. దిగి వెనక్కి పోదామని రెండుసార్లు అనుకున్నాను. పదకొండుకు చేరాను.

ఇంటావిడది భీమవరం వైపు. "ఖాళీ చేసేశారు కనకమ్మా. ఆదివారం ఫోనొచ్చింది. నేల మీద కూలబడి ఏడ్చింది. తమ్ముడొచ్చి తీసుకెళ్లాడు. సంతోషమో, దుఃఖమో, వాళ్ల భాష మనకేం తెలుసు?" ఎక్కడికో ఆమెకూ తెలియదు.

గది కడగమని తాళం ఇచ్చింది. స్నానాల గదిలో, కొట్లో కొన్న గోరింటాకు పొడి కలిపిన గిన్నె ఉంది, ఎండిపోయింది. అందులో రెండు వేళ్లతో తీసిన గుంట. పక్కన నేల మీద ఎర్రటి మరక. నా కోసం చూసి చూసి తనే పెట్టుకున్నట్టుంది. ఫోనొచ్చాక ఉంచుకుందో, కడిగేసుకుందో? మరక తోమాను, పోలేదు.

ఒంటిగంట రైల్లో సీటు దొరికింది. డబ్బా మూత తీస్తే ముద్ద నల్లబడింది. నూరిన నా చెయ్యి మాత్రం బాగా పండింది, ఎనిమిదేళ్లలో మొదటిసారి. ముందు కొంగులో దాచుకున్నాను. తర్వాత ఎందుకో తీసి ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ముందే పోయి పెట్టి ఉంటే ఏమయ్యేదో, పెట్టనందుకు ఏమైందో, నాకేదీ అర్థం కాలేదు.

ఇగ రాసింది చాలు సుజాతా. మొదటి నుంచి చదివి వినిపించు. ఆమ్నా అన్న మాట దగ్గర జర నిమ్మళంగా చదువు.