అన్నతో అనకూడని మాట

అకోసీతా గయ్యాళిదని మా దీవిలో రేవా నది ఒడ్డున అందరూ అంటారు. అననీండి. సువా పట్నం హోటళ్లవాళ్లు మా ఆకుకూరకి వంకలు పెట్టినప్పుడు మా తరఫున నిలబడి దులిపేసింది ఆ గయ్యాళే. ఆమెది చేమతోట, పక్కనే నా వంకతోట. ఆమె తన భర్త వైసేయాని కేకేస్తే మా ఆయన ఉలిక్కిపడి లేచేవాడు. అలాంటి మనిషి ఒక్కరి ఎదుట మాత్రం పెదవి విప్పేది కాదు. ఆయన ఆమె సొంత అన్న నేతాని.

వాళ్ల వంశంలో అంతే. ఆడపిల్ల ఎదిగాక అన్నతో మాట్లాడకూడదు, ఎదురుపడితే పక్కకి తప్పుకోవాలి. కోపమేమీ కాదు, గౌరవం. అన్నకి కూర పంపాలన్నా పిల్లల చేత పంపేది. బావ, బావమరుదులు మాత్రం కనబడితే చాలు ఒకరినొకరు ఆటపట్టించుకోవాలి. అది కూడా ఆచారమే.

మందు కొట్టని తోటలన్నిటినీ ఒక సంఘంగా పోగుచేసింది అకోసీతానే. పైదేశం నుంచి మనిషిని రప్పించి తోట తనిఖీ చేయించుకునే తాహతు మాకెవరికీ లేదు. అందుకని ఒకరి తోట ఒకరం చూసి, ఒకరికొకరం పూచీ పడదామని ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది. అలా మా కట్టల మీద మందు కొట్టని కూరని చెప్పే ఆకుపచ్చ గుర్తు పడింది, హోటళ్లు మా గుమ్మంలోకి వచ్చాయి. ఒక్కరు తప్పు చేసినా గుర్తు అందరికీ పోతుంది. అయితే తప్పు కనబడగానే రచ్చకెక్కించకూడదు. చూసినవాళ్లు ముందు ఆ తోటవాళ్లకి చెప్పాలి, దిద్దుకోకపోతేనే సంఘంలో పెట్టాలి. ఎవరి పరువూ పోకూడదని ఆ నియమం ఆమే పట్టుబట్టి పెట్టించింది.

వంతుల్లో నేతాని తోట చూడటం ఆమెకే పడింది.

"మాట్లాడకుండా ఎలా చూస్తావే? వంతు మార్చుకో," అన్నాను.

"కళ్లతో చూస్తానే తల్లీ. నోటితో చూసేది నువ్వు," అంది.

అన్న లేని పూట చూసి వెళ్లింది. గట్టు మీద గడ్డి పసుపు రంగుకి తిరిగి, చేమ వరస దాకా మాడిపోయి ఉంది. అది ఎండకి మాడిన గడ్డి కాదని చూడగానే తెలిసిపోయింది. నేతానికి నడుంనొప్పి, వానలకి గడ్డి మోకాలెత్తు లేచింది. ఎవరో ఇచ్చిన గడ్డిమందు గట్టు వరకే కదా అని కొట్టేశాడు. ఆ గట్టు మీది నీళ్లు ఎక్కడికి పోతాయో మాత్రం ఆలోచించలేదు.

ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పటికి అకోసీతా ఎవరికీ చెప్పలేదు. మొగుణ్ణి పిలిచి, "మందు మానెయ్యమని మా అన్నకి నువ్వే చెప్పు," అంది. చెప్పగలిగిన మనిషి ఆమెకి ఇంకెవరున్నారు?

సాయంత్రం మత్తెక్కించే కావా రసం గిన్నె చుట్టూ మగవాళ్లు కూర్చున్నప్పుడు వైసేయా చెప్పాడు. మా ఆయన ఇంటికొచ్చి కూడా నవ్వుతూనే ఉన్నాడు, నాకలా తెలుసు.

"ఒరే బావా, నీ గట్టు గడ్డికి కామెర్లు తగిలాయటగా! ఏం పోశావురా?"

"ఏం పొయ్యలేదు బావా. నువ్వు ఆ దారిన నడిచెళ్లావుగా, నీ కాళ్ల కంపుకే చచ్చుంటుంది."

"నవ్వులాట కాదురా. నిజంగానే అంటున్నాను. మానెయ్యి."

వైసేయా ముఖం బిగించి ఆ మాట అనేసరికి అందరూ ఇంకా పడీపడీ నవ్వారట. ముఖం బిగించి వేళాకోళం చెయ్యడంలో అతన్ని మించినవాడు లేడు మరి. నేతాని కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "అలాగేలే బావా, రేపటినుంచి గడ్డికి కషాయం పోస్తాను," అన్నాడట.

"చెప్పాను. అలాగే అన్నాడు," అని వైసేయా ఇంట్లో చెప్పాడు. అకోసీతా నిశ్చింతగా నిద్రపోయింది.

నేతాని మళ్లీ మందు కొట్టాడు. కొన్నాళ్లకి హోటలువాళ్లు మా చేమాకుని పరీక్షకి పంపారు. గడ్డిమందు బయటపడింది. పట్నం నుంచి మనిషి వచ్చి ఆకుపచ్చ గుర్తు రద్దని చెప్పి వెళ్లాడు, అందరికీ. కోసిపెట్టిన కట్టలు పాకలోనే కుళ్లిపోయాయి. మందు కొట్టిన కూరల పక్కన మా కూర కూడా పోసుకుని సంతలో కూర్చున్నాం. ఒకాయన కౌలు వదిలేసి సువాలో కాపలా పనికి పోయాడు. ఇంకొకరు మందు డబ్బా కొన్నారు. వాళ్లని ఏమనగలం? నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియక.

నేతాని తిమింగలం పన్ను పట్టుకుని తలవంచుకుని సంఘం పాకలోకి వచ్చాడు. అది ముందు పెట్టి క్షమించమంటే కాదనకూడదని వాళ్ల ఆచారం. సంఘం పెద్దాయన దాన్ని అందుకున్నాడు. ఇక ఆ తప్పు ఎవరూ ఎత్తకూడదు, పాకలో పరిచిన చాప మీద అంతా అయిపోయినట్టే. పట్నంలో మాత్రం ఏమీ అయిపోలేదు, గుర్తు తిరిగి రాలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న అకోసీతా అంది:

"అన్నా, గట్టు మీద గడ్డి మాడిపోవడం నేను చూశాను."

ఎదిగాక ఆమె తన అన్నతో ఆడిన మొదటి మాట అదే. వైసేయా చాప అంచు గిల్లుతూ కూర్చున్నాడు.

"చూసి మానెయ్యమని కబురు పెట్టాను. ఎందుకు వినలేదన్నా?"

నేతాని తల ఎత్తలేదు. అయినా నేరుగా ఆమెకే జవాబు చెప్పాడు.

"బావ ఆటపట్టిస్తున్నాడనుకున్నానమ్మా. నువ్వొక్క మాట అనుంటే ఆ మందు మళ్లీ ముట్టుకునేవాణ్ణి కాదు."

నేతాని లేచి, ఆమె ఉన్న గుమ్మం వైపు రాకుండా, వెనక తడిక పక్కకి జరిపి బయటికి వెళ్లిపోయాడు. ఆ ఏడు అకోసీతా చేమ నాటలేదు.