నాలుగు గన్నేర్లు, ఒక అవ్వ

మొక్కలు పెంచే శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, ఆ పేరుమీద ఇవాళ్టికీ పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి గనుక చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది గానీ, గన్నేరుకీ గన్నేరుకీ తేడా తెలియక ఒక బడి ఆవరణ నిండా విషపు మొక్కలు నాటించిన ఘనత అక్షరాలా నాదే. ఇంతకాలం దాచుకున్న ఈ సంగతి మొన్నటి ఆదివారం మళ్ళీ పైకి తేలింది. జనగామలో మేముండే కాలనీ గేటు పక్కన కొంచెం ఖాళీ జాగా ఉంది. అందులో ఏం మొక్కలు పెడదామని పెద్దవాళ్ళం నలుగురం కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు, పక్కింటి రిటైర్డు పంతులుగారు గన్నేరు పెడితే పశువులు ముట్టవు, బాగుంటుందన్నారు. ఏ గన్నేరు అని నేనడిగాను. అందరూ నావైపు ఏ సూర్యుడు అని అడిగినవాణ్ణి చూసినట్లు చూశారు. “గన్నేరంటే గన్నేరే గదనే, గండ్ల మల్ల ఏ గన్నేరేంది?” అన్నారు పంతులుగారు.

ఇరవైమూడేళ్ళ వయసులో నేనూ సరిగ్గా అదే అనుకున్నాను.

అప్పటికి నేను డిగ్రీలో బొటాబొటి మార్కులతో బొటనీ గట్టెక్కినవాణ్ణి. లాటిన్ పేర్లు గడగడా అప్పజెప్పేవాణ్ణి గానీ, ఆ పేరుగల మొక్క వచ్చి ఎదురుగా నిలబడితే దాన్ని పలకరించడం చేతనయ్యేది కాదు. అటువంటివాడికి మహబూబాబాద్ నర్సరీలో తాత్కాలికపు కొలువు దొరికింది. ఆ ఊరిని ఇప్పటికీ అందరూ మానుకోట అనే అంటారు. మాను మొహం ఎరగనివాడికి మానుకోటలో ఉద్యోగం! ఊరి పేరులోని మొదటి మూడక్షరాలే “మానుకో” అని నన్ను హెచ్చరించాయి, నేనే వినలేదు.

ఆ నర్సరీలో రోజుకూలీకి మొక్కలకు నీళ్ళు పట్టే అవ్వ ఒకామె ఉండేది. అరవై ఏళ్ళుంటాయేమో, తనకే తెలియదు. సంతకం పెట్టడం రాదు, వేలిముద్రే. ఆ సంతలాంటి చోట ఏది ఏ మొక్కో చెప్పగలిగినది మాత్రం ఆమె ఒక్కతే. నేను పువ్వు కోసం వెతుకుతుంటే నవ్వేది. “పువ్వునేంది సూస్తవు బిడ్డా, అది ఏడాదికి పదిహేను దినాలొచ్చే సుట్టం. ఇంట్ల ఉండేది ఆకు. ఆకునడుగు” అనేది. ఆకునడగడమంటే మొదట దాన్ని తుంచి పాలు వస్తాయేమో చూడాలి, తర్వాత నలిపి వాసన చూడాలి, ఆ తర్వాత కొమ్మమీద ఆకులు ఎదురెదురుగా కూర్చున్నాయా, ఒకదాని తర్వాత ఒకటి మెట్లెక్కుతున్నాయా, మూడేసి గుంపుగా నిలబడ్డాయా చూడాలి. పూత లేనినాడు తురాయికీ పచ్చతురాయికీ తేడా ఎలాగంటే, పచ్చతురాయి చిగురుమీద ఇనుప తుప్పు రంగులో మెత్తటి నూగుంటుందని వేలితో రాసి చూపించింది. కాగితం పూలతీగలో మనం పువ్వనుకునే గులాబి రంగుది పువ్వు కాదు, ఆకే వేషం కట్టింది, లోపల అగ్గిపుల్ల తలంత తెల్లగా ఉన్నదే అసలు పువ్వు అన్నప్పుడు నాకు తల తిరిగింది. పుస్తకంలో ఆ ముక్క చదివి పరీక్షలో రాసినవాణ్ణే మరి. రాధామనోహరం తీగ సాయంత్రం తెల్లగా పూసి తెల్లారేసరికి సిగ్గుపడి, మర్నాటికి ఎర్రబడిపోతుందని ఆమె చెప్పాకే నేను ఒక గుత్తిలో మూడు రంగులెందుకుంటాయో మొదటిసారి నిలబడి చూశాను. జాజి ఆకు ఈకలాగా చీలి ఉంటుంది, మల్లె ఆకు ఒంటరిది. ఇప్పటికీ పూలు లేని పందిరి ఎక్కడ కనబడినా నా చెయ్యి దానంతటదే ఆకు మీదికి పోతుంది.

ఇక అసలు కథ. ఆ వానాకాలం అవ్వ తన చిన్న మనవరాలి పుట్టెంటికలు తీసే వేడుకకని జఫర్‌గఢ్ వైపు నాలుగు రోజులు పోయింది. అదే రోజుల్లో మా ఆఫీసులోని చక్రం తిప్పే నల్ల ఫోను మోగింది. పట్నం నుంచి పెద్దసారు. తీగ పొడవునా వాన కురుస్తున్నట్లు చప్పుడు. ఆ చప్పుడులో నాకు వినబడింది కొడకండ్ల బడికి రేపటికల్లా వంద గన్నేరు మొక్కలు పంపమని. పంపించాను. మా దగ్గర బాగా ఎదిగి, సన్నటి ఆకులతో నిగనిగలాడుతున్న పచ్చగన్నేరు మొక్కలు ఏరి మరీ లారీ ఎక్కించాను. సంచీ ఒక్కటి కూడా చిరగకుండా ఎక్కించినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

అవ్వ తిరిగొచ్చి ఖాళీ అయిన మడిని చూసి ఆగింది. ఏవి పోయినయి, ఎక్కడికి పోయినయి అని అడిగింది. బడికి అనగానే చేతిలోని బిందె కిందపెట్టేసింది. “బడి కాడ పచ్చగన్నేరు పెడతరారా కొడుకా? మేక గూడ మూతి వెట్టది దానికి. నీడకు పెట్టేది నిద్రగన్నేరు గాదూ?” అంది.

అప్పుడు తెలిసింది. పెద్దసారు చెప్పింది నిద్రగన్నేరే. నిద్ర ఫోన్లో పోయింది. ఆ తర్వాత చాలా రోజులు నాకూ పోయింది. మామూలు గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, నిద్రగన్నేరు అని నాలుగుంటాయని, పేరు కలిసినంత మాత్రాన నాలుగూ ఒకటి కావని అవ్వ ఆ మడిలోనే నిలబెట్టి చెప్పింది. గన్నేరుకు ఆకులు మూడేసి గుంపుగా ఉంటాయి. పచ్చగన్నేరుకు ఒక్కో ఆకు వేరుగా, తుంచితే చిక్కటి పాలు, పసుపు గంటల్లాంటి పూలు, కాయలో ప్రాణం తీసేంత విషం. దేవగన్నేరు కొమ్మలు వాచిన వేళ్ళలా లావుగా, ఆకు రాలిన రోజుల్లో మోడుగా ఉంటాయి. నిద్రగన్నేరు పెద్ద మాను. చింతాకు లాంటి ఆకు, సాయంత్రమైతే ముడుచుకుంటుంది. ఆమె పచ్చగన్నేరు ఆకు తుంచింది, పాలు కారాయి. నాకు మాత్రం పాలుపోలేదు.

వంద మొక్కలు. బడి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్కటి నాటుకుని ఎవరిది వారు నీళ్ళు పోసుకుంటున్నారు. అవి రెండేళ్ళలో కాయలు కాస్తాయి, పిల్లలు కాయలతో ఆడతారు, ఎవరో ఒకరు నోట్లో పెట్టుకుంటారు. నా తాత్కాలికపు కొలువు శాశ్వతం చేసే కాగితం ఆ నెలలోనే రావలసి ఉంది గానీ, నిజం చెబుతున్నాను, ఆ పూట నాకు కొలువు గుర్తురాలేదు.

మేమిద్దరం తొర్రూరులో బస్సు మారి కొడకండ్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడవునా అవ్వ ఒళ్ళో ఒక నిద్రగన్నేరు మొక్క కూర్చుని ఉంది. హెడ్‌మాస్టరు మా మాట విని కంగారుపడి మొక్కలన్నీ వెంటనే పీకించేద్దామన్నాడు గానీ, పిల్లలు ఊరుకోలేదు. తాము నాటుకున్న మొక్కను ఎవరో పెద్దవాళ్ళు వచ్చి పీకేస్తామంటే ఎవరు ఊరుకుంటారు? ఒక చిన్నపిల్ల ఏకంగా తన మొక్కచుట్టూ చేతులు వేసి కూర్చుంది. నేను విషం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. అవ్వ నన్ను పక్కకు జరిపి, తన మొక్కను బడి అరుగు మీద పెట్టి, ఎవరి మొక్క నిద్రపోతుందో పందెం వేద్దాం రమ్మంది.

“చెట్టు నిద్రవోతదా? అబద్దాలాడకే అవ్వా!” అంది ఆ చిన్నపిల్ల.

“కూసోని జూడు. నిద్రవోకుంటే నన్నే నాటు గా గుంతల” అంది అవ్వ.

బడి వదిలాక కూడా పిల్లలెవరూ ఇళ్ళకు పోలేదు. పొద్దు గుంకుతుండగా అరుగు చుట్టూ వందమంది గుమిగూడి ఒక్క మొక్కను చూశారు. కాసేపటికి దాని చిన్న చిన్న ఆకులు ఒకదానిమీద ఒకటి వాలడం మొదలైంది, చూస్తూ చూస్తుండగానే మొక్క మొక్కంతా తల వంచుకుంది. ఎవరో అరవబోతే ఆ చిన్నపిల్లే నోటిమీద వేలు పెట్టి, “లొల్లి జేయకురి, పండుకున్నది” అని కసిరింది. ఆ తర్వాత ఎవరూ చెప్పక్కరలేకపోయింది. నిద్రపోవడం రాని తమ మొక్కలను వాళ్ళే పీకి తెచ్చి మా ముందు కుప్ప పోశారు. ఒక్కొక్క మొక్క తీసుకునేటప్పుడు అవ్వ వాళ్ళచేత ఆకు తుంచించింది, పాలు చూపించింది, గట్టిగా చేతులు కడుక్కు రమ్మని పంపింది. ఆ సాయంత్రం కొడకండ్లలో వందమంది నేర్చుకున్న పాఠాన్ని నేను మూడేళ్ళ డిగ్రీలో నేర్చుకోలేదు. నాకు “నిద్ర సారు” అని పేరు పెట్టింది కూడా వాళ్ళే; ఆ పేరు బస్సెక్కి నాతోపాటే మానుకోట వచ్చేసింది.

మర్నాడు సరైన మొక్కలతో రెండో లారీ పంపాం. రెండో లారీ ఎందుకు పోయిందని అడగడానికి పెద్దసారు స్వయంగా వచ్చారు. మొదటి లారీ ఎక్కించింది ఎవరని గద్దించారు. నేను నోరు తెరిచాను. అవ్వ నాకంటే ముందే అంది: “నేనే సారూ. ముసలి కండ్లు, ఆనలేదు.” అవ్వ ఆ రోజు ఊళ్ళోనే లేదని నర్సరీలో అందరికీ తెలుసు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. చదువు రానివాళ్ళను పెట్టుకుంటే ఇంతేనని, రేపటినుంచి ఈమెను రానివ్వవద్దని చెప్పి పెద్దసారు జీపెక్కారు.

గేటు దగ్గర పరుగెత్తుకుపోయి ఎందుకట్లా అన్నావని అడిగాను. ఆమెకు కోపం లేదు, జాలీ లేదు, మామూలుగానే చెప్పింది. “ఒక్క తప్పుకే నీ నౌకరి వోతది బిడ్డా. నాకు నౌకరే లేకపాయె, ఏం బోతది? ఇత్తనాలు మొలిచినాక ఏది ఏందో తెల్వక మల్ల నన్నే పిలుస్తరు తియ్యి.”

పిలిచారు. కానీ ఏడాది తర్వాత. ఆ ఏడాదంతా ఆమె ఇతరుల పొలాల్లో కలుపు తీసింది, నేను శాశ్వతమైన ఉద్యోగిగా నీడన కూర్చున్నాను. నా జీవితంలో నేను తిన్న ప్రతి ముద్దలోనూ ఆ ఏడాది కొంచెం ఉంది.

ఆరేళ్ళ తర్వాత నన్ను భూపాలపల్లికి వేశారు. అక్కడ బొగ్గుబావుల కార్మికుల కాలనీలో కొత్తగా ఒక పార్కు వేస్తున్నారు, ప్రతి చెట్టుకూ ఒక రేకు బోర్డు పెట్టమన్నారు. నేను ప్రతి బోర్డుమీదా మూడు వరసలు రాయించాను: పేరు, గుర్తు, చెప్పినవారు. నిద్రగన్నేరు, పొద్దు గుంకితే ఆకు ముడుస్తుంది, మానుకోట అవ్వ. దేవగన్నేరు, ఆకు తుంచితే పాలు, కొమ్మ లావు, మానుకోట అవ్వ. అట్లా రాధామనోహరం, ఆకాశమల్లి, తురాయి, నందివర్ధనం, నలభై బోర్డులు. పచ్చగన్నేరుకు బోర్డు లేదు. ఆ మొక్కే పెట్టలేదు.

పార్కు చూడటానికి వచ్చింది ఎవరనుకున్నారు? అదే పెద్దసారు, ఇంకా పెద్దవారై. ఆ రోజు నేను ధైర్యం చేసి, కొడకండ్ల లారీ ఎక్కించింది అవ్వ కాదు, నేను అని చెప్పేశాను. ఆరేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న మాట అది. ఆయన నావైపు అయోమయంగా చూసి, “ఏ లారీ?” అన్నారు. ఆయనకు గుర్తే లేదు. నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి ఆయనకు కలలోకి కూడా రాలేదు.

అంతలో ఆయన గేటు దగ్గర పార్కుకంటే ముందునుంచే వరసగా, కర్రలు పాతినట్లు నిటారుగా పెరిగిన నరమామిడి చెట్ల ముందు ఆగి, వెంట వచ్చినవాళ్ళకు వివరించడం మొదలుపెట్టారు. “ఇదే అశోకవృక్షం. లంకలో సీతమ్మవారు కూర్చున్నది దీని నీడనే” అన్నారు. ఆ చెట్టు నీడ దాని మొదలుకే చాలదు. అసలు అశోకం పొట్టిగా, గుబురుగా, కొమ్మలకే ఎర్రటి పూలగుత్తులు అతుక్కుని ఉంటుందని నేను చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. దీనికి బోర్డు ఎందుకు లేదని ఆయన నన్ను అడిగారు. మర్నాటికల్లా పెట్టిస్తానన్నాను, పెట్టించాను కూడా, మిగతా నలభైకి మల్లేనే మూడు వరసల్లో: అశోకం. సీతమ్మ కూర్చున్న నీడ. చెప్పినవారు, పెద్దసారు. ఆయన దాన్ని చూసి ఎంత మురిసిపోయారంటే, బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు.

ఇప్పుడు ఆ రేకులు లేవు. ఈ మధ్య భూపాలపల్లి పోతే, నిద్రగన్నేరు మాత్రం పది ఆటోలకు నీడనిచ్చేంత అయింది. దాని కింద నిలబడ్డవాళ్ళలో ఎవరికీ దాని పేరుతో పనిలేదు. రోడ్ల మధ్యన ఎక్కడెక్కడి దేశాల మొక్కలో ఒకే ఎత్తులో కత్తిరించి పెడుతున్నారు, ఆకు తుంచి చూసేవాళ్ళు లేరు. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె దగ్గర కూర్చుని ఆకులనడిగిన ఆ కొద్ది ఏళ్ళు నాకు దక్కాయి, అంతకుమించి నేను సంపాదించింది ఏమీ లేదనిపిస్తుంది.

ఆ బోర్డులు పెట్టిన వారానికి నేను సెలవు పెట్టి మానుకోట పోయాను. అవ్వ గుడిసె ముందు కూర్చుని, ఆమెకు చదవడం రాదు గనుక నలభై బోర్డులూ ఒక్కొక్కటి చదివి వినిపించాను. ప్రతిదాని చివరా తన పేరు వచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఖరుకి నలభై ఒకటవది చదివాను. అవ్వ కళ్ళు చిట్లించి, ఆ చెట్టు ఎట్లా ఉంటుందో అడిగింది. చెప్పాను. అది నరమామిడి గదా అంది. అవునన్నాను. కొంచెంసేపు పళ్ళులేని నోటితో గలగలా నవ్వి, కళ్ళు తుడుచుకుని, నా తల మీద చెయ్యి పెట్టి అంది:

“పాపం సారు. గా ఒక్కటన్న ఆయనకు ఉండనియ్యి బిడ్డా.”