ఎనిమిది యాభైలు నాలుగు వందల ఎనభై

రిటైరవడానికి ముందు ఏడాది ఏప్రిల్‌లో, పుంగనూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే నన్ను మదనపల్లె స్పాట్ వాల్యుయేషన్‌కు ఎగ్జామినర్‌గా వేశారు. స్పాట్ అంటే జవాబు పత్రాలను ఇళ్లకు పంపకుండా మమ్మల్నే ఒకచోట కూర్చోబెట్టి దిద్దించడం. పేపరు మీద పేరుండదు, ఊరుండదు, కోడ్ నంబరే. అరవై కిలోల మనిషి కిందికి దిగే లిఫ్టులో ఎంత బరువు తూగుతాడన్నది లెక్క. సూత్రం, ప్రతిక్షేపణ, జవాబు: మెట్టుకొక మార్కు.

మొదటి పేపరులో సూత్రం ఒప్పు. జవాబు 480 న్యూటన్లు, అదీ ఒప్పే. మధ్య వరుసలో మాత్రం, 60 × 8 ఉండాల్సిన చోట, మనిషి చిక్కిపోయాడు: 50 × 8 = 480. నవ్వుకుని ఒక మార్కు తగ్గించాను. రెండో పేపరులోనూ చిక్కాడు. పదకొండో పేపరుకు నా నవ్వూ చిక్కిపోయింది.

ఒకే తప్పు ఇన్నిట్లో కనిపిస్తే మాల్‌ప్రాక్టీస్ రిపోర్టు పెట్టాలి. పెడితే విచారణ తేలేదాకా ఆ పిల్లల ఫలితాలు ఆగిపోతాయి. మేం దిద్దినవి మళ్లీ చూసే చీఫ్ ఎగ్జామినర్, కలికిరి నుంచి వచ్చిన మేడమ్, అప్పుడే ఫారం తీశారు.

"సూడండి సార్, పదకొండు మందీ ఒగర్ని సూసి ఒగరు రాసినారు. ఇంగ యాల ఆలోచన?"

ఆలోచన ఎందుకంటే, ఆ మధ్య వరుసను నేనెరుగుదును. పూర్వం కుప్పంలో పనిచేసేటప్పుడు, నా నోట్సులో యాభై కిలోల మనిషిని అరవైకి పెంచి, మధ్యలో పెంచడం మరిచినట్టున్నాను. క్యాంపులోకి ఫోన్లు రానివ్వరు. మేడమ్ అనుమతితో గేటు దగ్గరికి వెళ్లి, కుప్పంలో జిరాక్స్ అంగడి నడిపే రెడ్డెప్పను ఆ పేజీ ఫోటో పంపమన్నాను.

"మీ నోట్సా సార్? ఇప్పటికీ పోతాండాది. దాంట్లో తప్పనేది ఉంటే గదా!" అంటూ పంపాడు.

మేడమ్ గేటు దగ్గరికే వచ్చి ఫోటోను చూశారు, నన్ను చూశారు.

"ఎన్నేండ్లు చెప్పినారు సార్ ఇట్ల?"

"ఆరేండ్లు మేడమ్."

"ఒక్క బిడ్డన్నా అడగల్యా?"

"మధ్యలో అడిగితే నిలబెట్టేవాణ్ణి."

ఆమె ఫారం పక్కన పెట్టి, తప్పు నాదేనని నా చేత రాయించుకుని క్యాంపు అధికారికి పంపారు. నా సర్వీసులో తప్పుల్లేకుండా రాసిన జవాబు బహుశా అదొక్కటే. ఫలితాలు ఆగలేదు. తగ్గించిన మార్కు మాత్రం తిరిగి రాలేదు, నియమం నియమమే. నా తప్పుకు నేనే పదకొండు మందికి ఎర్ర ఇంకుతో కోత పెట్టాను.

జవాబు ఒప్పయితే మధ్య వరుస ఎవరూ చూడరనీ, చూసినవాణ్ణి నిలబెడితే అసలే చూడరనీ అప్పుడు తెలిసింది. మిగిలిన ఏడాదంతా, బోర్డు మీద లెక్క ముగించాక మధ్య వరుసలు వెతకమనేవాణ్ణి. రెండుసార్లు పిల్లలు లేచి అభ్యంతరం చెప్పారు. రెండుసార్లూ తప్పు నాదే.