తెప్ప కట్టే తాడు

మా నాన్న ఆరేళ్ళు ఓడల్లో కళాసీగా పనిచేసి, పందొమ్మిదివందల అరవైల్లో, కోట అనే ఊరి దగ్గరి మా పల్లెకు తిరిగొచ్చాడు. మర్నాడే తెప్ప పక్కన నిలబడి మాకు పాఠం మొదలుపెట్టాడు.

"ఓడలో దొరలు దీన్ని కాటమరాన్ అంటారు. అది అరవమాటే, కట్టుమరం. కట్టిన కొయ్యలని అర్థం."

దుంగలకు తాడు బిగిస్తున్న అమ్మకు ఒళ్ళు మండింది. "కట్టేది పేరులోనే ఉండాది. విప్పేది ఎవురు చెప్తారు?"

తడిసిన దుంగలు పుచ్చిపోకుండా, చేపల వేట నుంచి రాగానే విప్పి ఆరబెట్టడం మా పద్ధతి. నాన్న లేని ఆరేళ్ళూ ఆ తెప్ప సముద్రంలో దిగలేదు. అయినా వాన వెలిసిన ప్రతిసారీ అమ్మ దాన్ని విప్పి, ఆరబెట్టి, మళ్ళీ కట్టింది.

ఆ సంగతి నేనే చెప్పాను. నాన్న ఒక్కో దుంగనూ తట్టి చూశాడు. ఒక్కటీ పుచ్చలేదు.

"ఆ తాడు కొస ఇట్టియ్యి," అన్నాడు అమ్మతో.